నలభై ఒక్క కిలోల చీటీ

బీట్‌బజార్‌లో కైలాసమన్న బెల్లం దుకాణం ముందున్న బరువు మిషన్‌ను నేను బాగుచేసి అప్పటికి మూడు వారాలైంది. ఆ మూడు వారాల్లో దాని మీద ఒక్క ఫిర్యాదూ రాలేదు. పైగా మెప్పులే. కైలాసమన్న భార్య భద్రమ్మ అయితే ఫోన్ చేసి మరీ మురిసిపోయింది.

"సుకన్యా, నీ చేతిల మహిమ ఉన్నదే. పన్నెండు కిలోలు తగ్గిన. పొద్దుగాల నడకకు పోవుడు ఉత్తగ పోలే."

నాకు అప్పుడే అనుమానం రావాల్సింది. రాలేదు. మంచిమాట వింటే ఎవరు అనుమానిస్తారు?

జనవరి మూడో వారంలో ఒక పొద్దున, మా ఆయన సుదర్శన్‌కు టిఫిన్ డబ్బా కడుతుండగా కైలాసమన్న ఫోన్ చేశాడు.

"చెల్లె, జర జల్ది రా. నీ పెట్టెతోని పేచీ వచ్చింది."

"బల్బు పోయిందా అన్నా?"

"బల్బు పోతె నిన్నెందుకు పిలుస్త? ఒక ఆడిమనిషి మిషన్ ముందల కూసొని ఏడుస్తాంది. ఎంత చెప్పినా లేస్తలేదు. దుకాణం ముందట జనం మూగుతాన్లు. రా."

సంచిలో స్క్రూడ్రైవర్లు, మీటరు వేసుకుని బయల్దేరాను.

సుబేదారిలో మా ఇంటి ముందుగదే నా వర్క్‌షాపు. పాలిటెక్నిక్‌లో ఎలక్ట్రానిక్స్ చదివి, ఇరవై ఏళ్లు టీవీలు బాగుచేశాను. ఇప్పుడు టీవీ చెడిపోతే కొత్తది కొనుక్కుంటున్నారు. చెడిపోయినా పారేయలేని వస్తువులే నా దగ్గరికి వస్తున్నాయి. పెళ్లినాటి రేడియో, నాయన వాడిన టేపురికార్డరు, అలాంటివి. అవి తెచ్చేవాళ్లందరిదీ ఒకటే కోరిక. పైకి ఏదీ మారకూడదు, లోపల పనిచేయాలి. పాత రేడియోలో పాడైపోయిన భాగాన్ని తీసి, దాని మైనపు గొట్టాన్ని ఖాళీ చేసి, చిక్కుడు గింజంత కొత్త భాగాన్ని అందులో దాచి మళ్లీ మూత పెడతాను. వెనక అట్ట తీసి చూసినా పాతదే అనిపిస్తుంది. ఆ పనిలో నాకు కొంచెం గర్వం కూడా ఉంది.

తీసేసిన పాత సామాను మాత్రం ఒక్కటీ పారేయను. గుడ్డసంచిలో వేసి అదే పెట్టెలో ఒక మూలకు కట్టేస్తాను. రిపేరు చేసేవాళ్లు మంచి సామాను కొట్టేసి పనికిరానిది వేస్తారని మా దగ్గర అందరికీ నమ్మకం. ఆ మాట పడకుండా ఉండేందుకు మొదలుపెట్టిన అలవాటు అది.

కైలాసమన్న మిషన్ ఒకప్పుడు మూతబడిన సినిమా హాలులో ఉండేది. మనిషెత్తు ఇనుప పెట్టె. ముందు అద్దం, లోపల రంగురంగుల బల్బులు, గిరగిర తిరిగే ఎర్రచక్రం. ఎక్కి నిలబడి బిళ్ల వేస్తే ముల్లు తిరుగుతుంది, కింది సందులోంచి దళసరి అట్ట చీటీ పడుతుంది. ఒకవైపు బరువు, రెండోవైపు జాతకం. హాలు సామాను వేలం వేసినప్పుడు కైలాసమన్న తండ్రి దాన్ని కొనుక్కొచ్చి బెల్లం దుకాణం ముందు పెట్టాడు. వింత కోసం కాదు. మేడారం జాతరకు పోయేవాళ్లు మనిషి ఎత్తు బంగారం మొక్కుతారు. బంగారమంటే బెల్లం. ఎంత బరువుంటే అంత బెల్లం సమ్మక్కకు ఇవ్వాలి. ఎక్కి బరువు చూసుకుని, అక్కడే బెల్లం తూయించుకుని పోవచ్చు. ముప్పై ఏళ్లుగా చుట్టుపక్కల ఊళ్లవాళ్లకు అది "కైలాసం బాపు మిషన్".

పోయిన జాతర అయిపోగానే లోపల బరువు పట్టే స్ప్రింగు కొక్కెం విరిగింది. ముల్లు కదలడం మానేసింది. రెండేళ్లు గోనెపట్టా కప్పుకుని నిలబడింది. ఈసారి జాతర దగ్గరపడేసరికి కైలాసమన్న నన్ను పట్టుకున్నాడు. అలాంటి స్ప్రింగు ఇప్పుడెక్కడా దొరకదు. అందుకని దాన్ని తీసేసి, ఇప్పటి ఎలక్ట్రానిక్ కాటాల్లో ఉండే బరువు పట్టే లోహపు ముక్కను పీట కింద బిగించాను. అగ్గిపెట్టెకంటే కాస్త పెద్దది. అది చెప్పే లెక్కను బట్టి పాత ముల్లును, చీటీ మీద అంకెలు గుద్దే చక్రాన్ని తిప్పడానికి ఒక చిన్న మోటారు పెట్టాను. బల్బులన్నీ కొత్తవే, పాత రంగు గాజు గోళాల లోపల. ముల్లు పాతదానిలాగే కాసేపు వణికి ఆగేటట్టు కూడా చేశాను. ఎవరూ అడగకపోయినా, నా ముచ్చట కొద్దీ.

"లోపల కొత్తది పెట్టినవని ఎవ్వలకు చెప్పకు చెల్లె," అన్నాడు కైలాసమన్న. "మా బాపు మిషన్ అనే వస్తరు జనం. గా పేరు పోతె ఇగ గిది ఇనుప డబ్బనే."

నేను సరేనన్నాను. అది నా పని పద్ధతికి సరిపోయే మాటే కదా.

దుకాణం ముందు నిజంగానే పదిమంది గుమిగూడి ఉన్నారు. మిషన్ పక్కన బెల్లం బస్తా మీద నలభై ఐదేళ్ల మనిషి కూర్చుని ఉంది. పత్తి ఏరిన చేతులు, గోళ్ల చుట్టూ చీరుకుపోయిన గాట్లు. కొంగుతో ముక్కు తుడుచుకుంటోంది. ఆమె వెనక పద్నాలుగేళ్ల ఆడపిల్ల, చెప్పులు చేతిలో పట్టుకుని, అందరూ తననే చూస్తున్నారని తల వంచుకుని నిలబడింది.

"మిషన్ చేసినామె వచ్చింది. గిప్పుడు అడుగు," అన్నాడు కైలాసమన్న.

ఆమె పేరు రాజక్క. తొర్రూరు దగ్గరి పల్లె. పిల్ల మహిత, ఒక్కగానొక్క బిడ్డ. రాజక్క లేచి, జాకెట్‌లోంచి చిన్న ప్లాస్టిక్ కవరు తీసింది. అందులోంచి పసుపు అంటిన అట్టముక్క ఒకటి బయటికొచ్చింది.

"గిది పోయిన జాతరకు ఇదే మిషన్ ఇచ్చిన చీటీ. సదువక్కా."

నలభై ఒకటి.

"గిది గిప్పుడు ఇచ్చింది."

ముప్పై ఎనిమిది.

"రెండేండ్ల కింద నలభై ఒకటి. గిప్పుడు ముప్పై ఎనిమిది. పద్నాలుగేండ్ల పిల్ల పెరగాల్నా, తరగాల్నా?"

మొదట నాకు అర్థం కాలేదు. మూడు కిలోల తేడాకు ఇంత ఏడుపా అనుకున్నాను. మిగతాది ఆమె ఒక్కొక్క ముక్కగా చెప్పింది. మూడేళ్ల కింద మహితకు టీబీ వచ్చింది. ఎముకల గూడైపోయింది. ఆరు నెలలు మందులు మింగింది. అప్పుడే రాజక్క మొక్కుకుంది, పిల్ల దక్కితే మూడు జాతరలు బిడ్డ ఎత్తు బంగారం ఇస్తానని. పిల్ల దక్కింది. మందులు ఆపేటప్పుడు డాక్టరు ఒకటే మాట చెప్పాడట.

"దగ్గు వచ్చినా, బరువు తగ్గినా ఆగమాగం ఉరికి రమ్మన్నడు. తగ్గుడు మంచిది కాదన్నడు. అండ్ల మళ్ల పొద్దుగాల సంది దగ్గుతాంది."

"పత్తి దుమ్మే అమ్మా," అంది మహిత విసుగ్గా. "నువ్వు దగ్గుతలేవా? నేను స్కూల్ల ఖోఖో ఆడుతాన్న. మంచిగనే ఉన్న."

"నోరు మూస్కో. అప్పుడు గూడ మంచిగనే ఉన్న అన్నవు."

పిల్ల చెప్పులను ఒక చేతిలోంచి ఇంకో చేతిలోకి మార్చుకుంది.

"మిషన్ తప్పేమో అని దుకాణంలున్న కాటా మీద గూడ నిలబెట్టినం," అన్నాడు కైలాసమన్న. "సర్కారు ముద్ర ఉన్న కాటా. అదీ ముప్పై ఎనిమిదే చూపెట్టింది."

"రెండు కాటలు ఒకటే మాట చెప్తానయి," అంది రాజక్క. "ఇగ తప్పెక్కడిది? నా తలరాత తప్పు." ఆమె చీటీని తిప్పి నా ముందు పెట్టింది. "గిది గూడ సూడు. దీని మీదనే రాసున్నది."

జాతకం వైపు చూశాను. 'ఆరోగ్యం జాగ్రత్త.'

ఆ మాట రాసింది మా ఆయన. పాత చీటీలు అయిపోతే కొత్తవి ప్రెస్సులో అచ్చు వేయించాం. జాతకాలు ఇరవై రకాలు కావాలంటే, తెలుగు పంతులువు కదా నువ్వే రాయమన్నాను. ఒక సాయంత్రం అరగంటలో రాసిపారేశాడు. ఇది ఎందుకని నేను అడిగితే, "అన్నీ మంచివే రాస్తె ఎవరు నమ్ముతరు? నడుమ జర భయం గూడ ఉండాలె" అన్నాడు.

కైలాసమన్న నన్ను దుకాణం లోపలికి, బస్తాల చాటుకు పిలిచాడు.

"చెల్లె, లోపట కంప్యూటర్ లెక్క ఏదో నొక్కితె ముల్లు ముందటికి పోతదంటివి గదా. ఒక ఐదారు కిలోలు ముందటికి జరుపు. మిషన్ ఖరాబైతె బాగుచేసినం అని చెప్దాం. పిల్లను మళ్ల ఎక్కిద్దాం. నిమ్మలంగ బస్సెక్కి పోతది."

అతను చెడ్డవాడు కాదు. ఆమె ఏడుపు చూడలేకే అంటున్నాడు. ఒక బటన్ నొక్కితే అయిపోయే పని. నలభై నాలుగని చీటీ వస్తే ఆ మనిషి చేతులెత్తి దండం పెట్టి పోతుంది. ఒక్క క్షణం నాకూ అలాగే చేద్దామనిపించింది.

"నిజంగనే పిల్ల తగ్గి ఉంటె?" అన్నాను.

అతను గతుక్కుమన్నాడు.

"ఆ చీటీ సూసి నిమ్మలంగ ఇంటికి పోతది. దవాఖానకు తీస్కపోదు. నెల, రెండు నెలలు. అప్పుడు?"

"మరి ఎట్లంటవు? రెండు కాటలు ముప్పై ఎనిమిదే అంటానయి."

"అవు. ఇప్పుడు ముప్పై ఎనిమిదే. అది పక్కా. అప్పుడు నలభై ఒకటేనా అన్నదే తెల్వాలె."

ఈ మాట అంటున్నప్పుడే నాకు భద్రమ్మ ఫోను గుర్తొచ్చింది. ఆమె పోల్చుకున్నదీ రెండేళ్ల కింద పాత మిషన్ చెప్పిన బరువుతోనే. పన్నెండు కిలోలు. నడకకు పోతే రెండు తగ్గుతాయేమో, మూడు తగ్గుతాయేమో.

"వదినె నిజంగ సన్నబడ్డదా అన్నా? రవికెలు గిట్ల వదులైనయా?"

కైలాసమన్న లోపలివైపు భయంగా చూసి గొంతు తగ్గించాడు. "ఏడ వదులు? మొన్ననే దర్జీకి కుట్లు ఇప్పుమని ఇచ్చింది."

ఇద్దరం ఒకరి ముఖం ఒకరు చూసుకున్నాం. నాకు అర్థమైనట్టే అతనికీ అర్థమైంది. అర్థం కాగానే ముఖం మాడిపోయింది.

"అంటె మా బాపు మిషన్ ఎక్కువ చూపెట్టేదంటవా? బెల్లం ఎక్కువ అమ్ముకునెటందుకు మోసం చేసిండంటరు చెల్లె. చచ్చిపోయినోని మీద గా మాట పడాల్నా?"

"నాకు ఇంకా తెల్వదు. ఆ మిషన్‌ను అడగాలె."

"యేడున్నది ఆ మిషన్? నువ్వు తీసి పారేస్తివి గదా."

"పారెయ్యలే," అన్నాను.

బయటికొచ్చి రాజక్క ముందు నిలబడ్డాను. అందరి ముందూ చెప్పడం కష్టంగానే ఉంది. నా పనిని నేనే విప్పి చూపించుకున్నట్టు.

"చెల్లె, ఈ పెట్టె పాతదే. కానీ లోపల బరువు చూసేది పాతది కాదు. అది విరిగిపోతె తీసేసి నేను కొత్తది పెట్టిన. నీ నలభై ఒకటి పాతది చెప్పిన మాట. ఈ ముప్పై ఎనిమిది కొత్తది చెప్పిన మాట. రెండూ ఒకటి కావు."

రాజక్క పెట్టెను పైనుంచి కింది దాకా చూసింది.

"లోపట వేరేది పెట్టి పైన గదే మొఖం పెట్టినవా?"

"అవు."

"ఎవ్వలకు చెప్పలే?"

"చెప్పలే. చెప్పాల్సింది."

"మంచిగున్నది అక్కా మీ యాపారం," అంది. నేను పడ్డాను. అనాల్సిన మాటే.

"ఒక గంట ఆగు," అన్నాను. "పాతది నా దగ్గర ఉన్నది. మళ్ల పెడ్త. పిల్లను దాని మీదనే ఎక్కియ్యి. అదే మిషన్, అదే పిల్ల. అప్పుడు ఎంత, ఇప్పుడు ఎంత, నీకే తెలుస్తది."

"తక్కువ చూపెడితె?"

"చూపెడితె నేనే ఆటోల దవాఖానకు తీస్కపోత. ఈ పూటనే," అన్నాను.

పెట్టె వెనక తలుపు తీశాను. గుడ్డసంచి మూలకు కట్టినట్టే ఉంది. లోపల చేయంత పొడుగు స్ప్రింగు, విరిగిన కొక్కెం, పళ్లపట్టీ, గుప్పెడు నట్లు. కొత్త ముక్కను విప్పి, మోటారు బెల్టు తప్పించి పక్కన పెట్టాను. విరిగిన కొక్కెం బదులు ఒక గట్టి బోల్టు తొడిగాను. రోజూ జనం ఎక్కితే నిలవదు గానీ ఈ పూటకు చాలు. స్ప్రింగును గుడ్డతో తుడుస్తుంటే ఎర్రటి తుప్పు పొడి ఒళ్లో రాలింది. వేలితో తడిమితే తీగ నడిమిభాగం చివర్లకంటే సన్నగా తగిలింది. ఇది పోయిన నెల చూసినప్పుడు కూడా అలాగే ఉండి ఉంటుంది. అప్పుడు నేను పట్టించుకోలేదు. కొత్తదాన్ని దుకాణంలోని తూకం బాట్లతో గ్రాములతో సహా సరిచూసుకున్నాను. పాతది ఏం చెప్పేదో ఒక్కమాట అడగలేదు. పాత చీటీలు దాచుకునేవాళ్లు ఉంటారని నాకు తోచనే లేదు.

"మీ ఊళ్లె ఏడా తూయించలేదా పిల్లను?" అని అడిగాను, చేతులాడిస్తూనే.

"ఊళ్లె ఉన్నది పత్తి కాటనే," అంది రాజక్క. "దాని మాట ఎవరు నమ్ముతరక్కా? అదెప్పుడు తక్కువే చూపెడతది."

గుమిగూడినవాళ్లలో ఎవరో నవ్వారు. రాజక్క నవ్వలేదు. భద్రమ్మ చాయ్ తెచ్చి ఇచ్చినా ముట్టలేదు. మొక్కు చెల్లించేదాకా పచ్చి నీళ్లేనట. మహిత మాత్రం చాయ్ తాగి, చెప్పులు తొడుక్కుని, మళ్లీ విప్పి పట్టుకుంది. ఒకసారి దగ్గు వచ్చినట్టుంది, అరచేయి అడ్డం పెట్టి మింగేసింది. వాళ్లమ్మ చూసింది. నేనూ చూశాను. మళ్లీ ఒంగి తర్వాతి నట్టు అందుకున్నాను.

అప్పటిదాకా నాకు స్ప్రింగే తప్పని గట్టి నమ్మకం. కానీ పాతది నలభైకి నలభై చూపిస్తే? అప్పుడు భద్రమ్మ నిజంగా సన్నబడినట్టు. ఈ పిల్ల కూడా.

అన్నీ బిగించాక, పీట ఖాళీగా ఉన్నప్పుడు ముల్లు సున్నా మీద నిలిచేలా పైన మర తిప్పాను. "గది మా బాపు గూడ పొద్దున్నె లేచి చేసేటోడు," అన్నాడు కైలాసమన్న మెల్లగా. "సున్నా సూడకుండ దుకాణం తెరవకపోయేది."

"అన్నా, ఇరవై కిలోల బాట్లు రెండు తెప్పియ్యి."

ఒకటి తర్వాత ఒకటి రెండు ఇనుప బాట్లూ పీట మీదికి ఎక్కించాడు. ముల్లు తిరిగింది. నేను పెట్టిన వణుకులా లేదు, గడగడమని నిజమైన వణుకు. నలభై దాటింది. నలభై ఐదు దాటింది. వణికి వణికి ఆగింది.

నలభై ఏడు.

కైలాసమన్న ఒంగి బాట్ల మీద ముద్రలు మళ్లీ చదివాడు. ఇరవై, ఇరవై.

"నలభైకి ఏడు ఎక్కువ చూపెడ్తాంది," అన్నాను. "చెల్లె, పిల్లను ఎక్కియ్యి."

మహిత చెప్పులు వాళ్లమ్మ చేతికిచ్చి ఎక్కింది. రాజక్క కళ్లు మూసుకుంది. చేతిలో చెప్పులతోనే దండం పెట్టింది.

ముల్లు నలభై ఒకటి దగ్గరికొచ్చింది. ఆగలేదు. నలభై మూడు. నలభై ఐదు మీద కొంచెం ఊగి, అక్కడే నిలబడింది.

"అమ్మా," అంది మహిత. "కండ్లు తెరువు."

రాజక్క కళ్లు తెరిచి ముల్లును చూసి, కవరులోని అట్టను చూసి, మళ్లీ ముల్లును చూసింది.

"గిది పాతదేనా అక్కా? మళ్ల ఏం మార్చలేవు గదా?"

"వెనకకు వచ్చి సూడు."

వచ్చి చూసింది. స్ప్రింగును వేలితో ముట్టుకుంది. వేలికి అంటిన తుప్పును చీరకు తుడుచుకుంది. పిల్లను దింపి మళ్లీ ఎక్కించమంది. నలభై ఐదు. మూడోసారి కూడా ఎక్కించింది. నలభై ఐదే.

"అంటె పెరిగింది."

"పెరిగింది. పాత లెక్కన చూసినా నాలుగు కిలోలు. అప్పుడు నీ బిడ్డ నలభై ఒకటి లేనేలేదు, ముప్పై ఐదో ఏమో ఉండె. ఇప్పుడు ముప్పై ఎనిమిది."

రాజక్క బస్తా మీద కూలబడి, కొంగు నోట్లో కుక్కుకుని నవ్విందో ఏడ్చిందో తెలియని చప్పుడు చేసింది. మహిత పక్కన కూర్చుని, "నేను చెప్పిన్నా లేదా?" అంది. వాళ్లమ్మ దాని వీపు మీద ఒక్కటి చరిచి, ఆ చేతిని అక్కడే ఉంచేసుకుంది. నేను స్క్రూడ్రైవరు కింద పెట్టాను. పెట్టాక గానీ తెలియలేదు, ఎంత గట్టిగా పట్టుకున్నానో. అరచేతిలో పిడి గీతలు పడ్డాయి.

గడప మీద నిలబడి ఇదంతా విన్న భద్రమ్మ అప్పుడు నోరు తెరిచింది.

"అంటె నేను తగ్గలేదానే?"

"ఒకటి రెండు తగ్గి ఉంటవు వదినె."

"చుట్టాలందరికి ఫోన్ చేసి చెప్పిన గదే! ఇగ వాళ్లకు ఏమని చెప్పాలె?"

"మిషన్‌కు తుప్పు పట్టిందని చెప్పు," అన్నాడు కైలాసమన్న. అందరూ నవ్వారు. ఈసారి రాజక్క కూడా నవ్వింది. కైలాసమన్న మాత్రం నవ్వలేదు. స్ప్రింగు వైపే చూస్తున్నాడు.

"అన్నా, ఇది మోసం కాదు," అన్నాను, అందరికీ వినబడేలా. "తుప్పుకు తీగ సన్నబడ్డది. ఏండ్ల తరబడి గుంజి గుంజి వదులైంది. పాత లాగుల లాస్టిక్ సూడు, అట్ల. తక్కువ బరువుకే ఎక్కువ సాగుతది. సున్నా మాత్రం సరిగ్గనే ఉంటది. రోజూ సున్నా సూసుకునేటోనికి ఇది దొరకది."

"మోసమని నేనన్ననా?" అంది రాజక్క కళ్లు తుడుచుకుంటూ. "ఎక్కువే పాయె గదా అమ్మకు. తక్కువ పోలే. తక్కువ పోతె నాకు నిద్ర పట్టకపోవు."

ఇక బెల్లం ఎంత తూయాలన్న దగ్గర మళ్లీ పేచీ వచ్చింది. ముప్పై ఎనిమిదే సరైన బరువు, అంతే తీసుకోమన్నాడు కైలాసమన్న. రాజక్క ఒప్పుకోలేదు.

"పోయినసారి నలభై ఒకటి ఇచ్చి ఈసారి ముప్పై ఎనిమిది ఇస్తె అమ్మ ఏమనుకుంటది? పిల్ల తగ్గిందనుకోదా? మిషన్ లోపట ఏమున్నదో ఆమెకు నేను యేడ చెప్తు? పాత లెక్కనే పోనియ్యి. నలభై ఐదు తూయి."

"ముప్పై ఎనిమిది నీది," అన్నాడు కైలాసమన్న చివరికి. "పైన ఉన్న ఏడు మా బాపుది. ఆయన పేరు చెప్పి అమ్మ గద్దె మీద పెట్టు."

రాజక్క తల ఊపింది. ఒక మనిషి పేరు చెప్పి పెట్టమంటే కాదనరు మా దగ్గర.

బెల్లం రెండు సంచుల్లో కట్టారు. హన్మకొండ బస్టాండులో మేడారం బస్సు ఎక్కించడానికి నేనే ఆటోలో వాళ్లతో పోయాను. దారిలో రాజక్కకు ఒకటికి రెండుసార్లు చెప్పాను, మేడారం నుంచి రాగానే పిల్లను ఒకసారి దవాఖానకు తీసుకుపొమ్మని. బరువు పెరిగినా దగ్గు దగ్గే కదా.

"తీస్కపోత," అంది. "కానీ అక్కా, నువ్వు గా పెట్టె మీద ఒక కాగితం అంటియ్యి. నా అసొంటిది ఇంకొకతి రాకముందే."

సాయంత్రం తిరిగి వెళ్లి కొత్త ముక్కను మళ్లీ బిగించాను. స్ప్రింగును గుడ్డసంచిలో కట్టబోతుంటే కైలాసమన్న ఆపి, దాన్ని మిషన్ పక్కన మేకుకు వేలాడదీశాడు. దాని కింద అట్ట మీద, నేను చెప్పినట్టే, అతనే పెద్ద అక్షరాలతో రాసుకున్నాడు: 'లోపల కాటా కొత్తది. ఇది మా బాపు కాలం నాటి స్ప్రింగు. పాత చీటీకి, కొత్త చీటీకి పోలిక లేదు.' జనం రావడం తగ్గుతుందని భయపడ్డాడు గానీ తగ్గలేదు. స్ప్రింగును ముట్టుకుని చూసి మరీ ఎక్కుతున్నారట.

మేడారం పోయొచ్చిన పదిరోజులకు రాజక్క ఫోన్ చేసింది. వెనక బస్సు హారన్లు, ఎవరో పల్లీలు అమ్ముతున్న కేక.

"అక్కా, దవాఖాన కాడి నుంచే చేస్తాన్న. ఛాతి ఫోటో తీసిన్లు, కళ్లె ఉమ్మిపిచ్చి పరీక్ష చేసిన్లు. ఏం లేదన్నడు డాక్టరు. దుమ్ముకు వచ్చిన దగ్గేనట. ముక్కుకు గుడ్డ కట్టుకొని పత్తి ఏరమన్నడు."

నేను వంటింట్లో స్టవ్ ఆపేసి పీట లాక్కుని కూర్చున్నాను.

"బరువు?" అన్నాను.

"ముప్పై ఎనిమిదిన్నర. నీ మిషన్ మాటే నిజం." మళ్లీ తనే, "ఇంకొకటి అక్కా. గా చీటీల మీద రాసినాయన ఎవలో గానీ, ఆయనకు జర చెప్పు. గసొంటి మాటలు రాయొద్దని. నాకు పానం పోయినంత పనైంది."

"చెప్త," అన్నాను. "గట్టిగనే చెప్త."

ఆ ఆదివారం కైలాసమన్న దగ్గర్నుంచి చీటీల కట్టలన్నీ తెప్పించి మా ఆయన ముందు పెట్టాను. పొద్దున్నుంచి మధ్యాహ్నం దాకా కళ్లజోడు పెట్టుకుని, ఒక్కొక్కటే తిప్పి చూస్తూ 'ఆరోగ్యం జాగ్రత్త'లు ఏరాడు.

"దీనికి బదులు ఏం రాయాలె?" అని అడిగాడు.

"ఏం రాయకు. ఖాళీగా ఉండనీ."

అచ్చులో అలాంటివి రెండు వందల పైనే ఉన్నాయి. అట్ట మంచిది, పారేయబుద్ధి కాలేదు. ఇప్పుడు పాత రేడియోల్లోంచి తీసిన సామాను సంచిలో కట్టేటప్పుడు వాటినే వాడుతున్నాను. బరువు వైపు ఖాళీగా ఉంటుంది కదా, అక్కడ తీసినదేమిటో, పెట్టినదేమిటో, తారీకుతో సహా రాసి సంచి మూతికి కడతాను. అలాంటిదే ఇంకొకటి రాసి యజమాని చేతికిస్తాను.